“ఒక్క నిమిషం అమ్మా, అయిపోయింది” అంటే నమ్మకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. తెనాలి దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. కుడివైపు కింది దవడ పన్ను పది రోజులుగా సలుపుతోంది. వేడి టీ తగిలితే ప్రాణం పోతోంది, చల్లటి నీళ్లు నోట్లో పెట్టుకుంటే కాసేపు తగ్గుతోంది. రాత్రిళ్లు నిద్ర లేదు. రూట్ కెనాల్ చెయ్యాలి, వచ్చే గురువారం రమ్మన్నారు. నా భయమంతా ఆ మత్తు ఇంజక్షన్ గురించే. పదకొండేళ్ల కిందట ఎడమవైపు పన్ను తీయించుకున్నప్పుడు ఇంజక్షన్ ఇచ్చిన నిమిషానికే గుండె దడదడా కొట్టుకుంది, చేతులు వణికాయి, చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. ఆ రోజు శనివారం, ఉపవాసం కూడా ఉన్నాను. “మీకు ఈ మందు పడదు” అన్నారు. కాసేపాగి పన్ను మాత్రం తీశారు. ఆ నొప్పి ఇప్పటికీ మర్చిపోలేదు. చెయ్యెత్తితే “చిన్నపిల్లలా ఏంటమ్మా” అని కసిరారు. రెండేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నాను. మా వారేమో “ముగ్గుర్ని కన్నావు, చిన్నదాని కాన్పులో కుట్లు కూడా పడ్డాయి, సూదికి భయమా” అని నవ్వుతున్నారు. ఆ చిన్నదానికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. పూర్తిగా మత్తిచ్చి, నాకేమీ తెలియకుండా చేసే వీలుందా?

సమాధానం: టీచర్ గారూ, ముందు మీ వారి సంగతి తేల్చేద్దాం. కాన్పులో మీరు అరవొచ్చు, పక్కనున్నవాళ్ల చెయ్యి నలిపెయ్యొచ్చు, వార్డంతా వినబడేలా ఆయన్నే తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పంటి కుర్చీలో అలా కాదు. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లలోకి లైటు తిప్పి, నోరు బార్లా తెరిపించి, అందులో మా రెండు చేతులూ నీళ్లు లాగే గొట్టమూ పెట్టేసి, “నొప్పుంటే చెప్పండి” అంటాం. ఏ నోటితో చెబుతారు? ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ పని మొదలుపెట్టి. నేను చూసినంతలో ఉత్త సూదికి భయపడేవాళ్లు తక్కువ, ఆపమంటే ఆపరేమోనని భయపడేవాళ్లే ఎక్కువ. మీరు ఉత్తరమంతా ఇంజక్షన్ గురించే రాశారు గానీ, నా కన్ను మాత్రం “చెయ్యెత్తితే కసిరారు” అన్న దగ్గరే ఆగింది.

దానికి మళ్లీ వస్తాను. ముందు ఆ “పడదు” అన్న మాట.

మన దగ్గర పళ్లకి ఎక్కువగా ఇచ్చే మత్తు మందు లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో తయారైంది, ఇన్నేళ్లయినా ఇంకా అదే మా చేతిలో మొదటి మందు. దాంట్లో చాలామటుకు కొంచెం అడ్రినలిన్ కలిపి ఉంటుంది, 80,000 భాగాలకి ఒక భాగం. అది అక్కడి రక్తనాళాల్ని బిగిస్తుంది, మందు తొందరగా రక్తంలో కొట్టుకుపోకుండా ఉన్నచోటే ఉంటుంది, రక్తం కారడమూ తగ్గుతుంది. అడ్రినలిన్ అంటే తెలుసుగా, కుక్క వెంటపడితే ఒంట్లో పుట్టేది అదే. అందులో కాస్త తొందరగా రక్తంలోకి వెళ్లిందంటే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, కారణం లేకుండా కంగారుగా ఉంటుంది. అయిదు పది నిమిషాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. ఇది ఎలర్జీ కాదు. నిజంగా మందు పడకపోతే ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, దురద పెడుతుంది, పెదవులూ కళ్లూ ఉబ్బుతాయి, ఊపిరి ఆడక పిల్లికూతలు వస్తాయి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. లిగ్నోకైన్‌కి అసలైన ఎలర్జీ చాలా అరుదు.

చెమటలు పట్టి కళ్లు తిరగడం ఇంకో కథ. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేదు, రాత్రంతా రేపు ఏమవుతుందోనని నిద్ర లేదు, ఆ పైన సూదిని చూశారు. భయానికి బీపీ ఒక్కసారిగా పడిపోయి తల తిరుగుతుంది. పంటి క్లినిక్కుల్లో మేము చూసే ఎమర్జెన్సీల్లో ఎక్కువ సార్లు వచ్చేది ఇదే. పోలీసు ఉద్యోగం చేసే ఆరడుగుల మనుషులు కూడా అలా ఒరిగిపోవడం చూశాను. కుర్చీ వెనక్కి వాల్చి కాళ్లు తల కంటే ఎత్తులో పెడితే నిమిషం రెండు నిమిషాల్లో లేచి “ఏమైంది” అంటారు.

ఇక మీ వారు వెక్కిరించడానికి అన్న మాటే మీకు సాక్ష్యం. చిన్నదానికి ఎనిమిదేళ్లన్నారు, అంటే ఆ కాన్పు మీ పన్ను తీసిన తర్వాతదే. కాన్పులో కుట్లు వేసేముందు తిమ్మిరెక్కడానికి ఇచ్చే ఇంజక్షన్ చాలామటుకు ఈ లిగ్నోకైనే. అప్పుడు మీకేమీ కాలేదు, అయితే రాసి ఉండేవారు. ఇది నూటికి నూరు పాళ్లు రుజువని అనను, ఆ ఆస్పత్రి కాగితాలుంటే తీసి చూడండి, గురువారం డాక్టర్‌కి ఈ రెండు సంగతులూ వరసగా చెప్పండి. “నాకు ఈ మందు పడదు” అని మాత్రం చెప్పకండి. ఆ ఒక్క మాట విన్నామంటే మాకూ చేతులు వణుకుతాయి, మందు తక్కువ ఇస్తాం, తక్కువిస్తే మళ్లీ నొప్పి, మళ్లీ మీ పాత కథే. ఏం జరిగిందో చెప్పండి: ఎంతసేపటికి దడ వచ్చింది, ఎంతసేపు ఉంది, దద్దుర్లు వచ్చాయా లేదా, ఆ రోజు తిన్నారా లేదా. డాక్టర్ చేతి మీద టెస్ట్ డోస్ వేసి చూస్తానంటే వేయించుకోండి, నష్టం లేదు, కానీ దానికంటే మీరు చెప్పే ఈ నాలుగు ముక్కలే ఎక్కువ పనికొస్తాయి.

బీపీ ఉంది కాబట్టి అడ్రినలిన్ లేని మందు ఇమ్మందాం అనిపిస్తుంది. ఉత్త లిగ్నోకైన్ పంటి నరాన్ని పట్టి ఉంచేది అయిదు పది నిమిషాలే, రూట్ కెనాల్‌కి ముప్పావుగంట పైనే పడుతుంది. సగంలో మత్తు దిగి నొప్పి మొదలైతే, ఆ నొప్పికి మీ ఒళ్లే అడ్రినలిన్ గుమ్మరిస్తుంది, బీపీకి అదీ మంచిది కాదు. అదుపులో ఉన్న బీపీకి మామూలు మోతాదులో అడ్రినలిన్ ఉన్న మందు ఇవ్వడం రోజూ జరిగే పనే. సూది గుచ్చాక పిస్టన్ కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూసి, అప్పుడు మెల్లగా ఎక్కిస్తే దడ అంతగా రాదు. మీ బీపీ మాత్ర పేరు, మోతాదు చెప్పండి, థైరాయిడ్ ఉంటే అదీ, మనసు బాగోక ఏమైనా మాత్రలు వాడుతుంటే సిగ్గుపడకుండా అదీ. కొన్ని గుండె మాత్రలకీ డిప్రెషన్ మాత్రలకీ అడ్రినలిన్‌తో పేచీ ఉంటుంది. గురువారం పొద్దున మాత్ర మాత్రం మానకండి, చాలామంది “డాక్టర్ దగ్గరికి పోతున్నాం కదా” అని ఆ రోజే మానేసి వస్తారు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు అసలు విషయం. పదకొండేళ్ల కిందట మీకు నొప్పి ఎందుకు తెలిసింది?

రెండు కారణాల్లో ఏదో ఒకటి. మొదటిది, అది నొప్పి కాకుండా నొక్కుడు అయి ఉండొచ్చు. మత్తు మందు నొప్పిని మోసే సన్నటి నరాల్ని ముందు పడగొడుతుంది, ఒత్తిడిని మోసే లావు నరాలు ఒక పట్టాన పడవు. అందుకే పన్ను కదిలిస్తున్నప్పుడు దవడ ఊడొచ్చేస్తోందన్నట్టు అనిపిస్తుంది, లోపల కటకటమంటుంది, అయినా కోసినట్టు ఉండే ఆ పదునైన నొప్పి ఉండదు. ఈ తేడా ఎవరూ ముందుగా చెప్పకపోతే పేషెంట్‌కి అంతా నొప్పే. రెండోది, మీరు రాసిన తీరు చూస్తే నాకు ఇదే అనిపిస్తోంది, మత్తు పూర్తిగా పట్టలేదు. కింది దవడ వెనక పళ్లకి ఇంజక్షన్ పంటి పక్కన ఇవ్వం, నోరు చివర, నరం ఎముకలోకి దిగే చోట వెతికి ఇస్తాం. ఆ చోటు మనిషి మనిషికీ మారుతుంది. చేయి తిరిగిన డాక్టర్ ఇచ్చినా, ఏ జబ్బూ లేని పంటికైనా సరే, 100కి 15-20 సార్లు సరిగా పట్టదు. అందులో పేషెంట్ తప్పు లేదు. మీరు పిరికివాళ్లు కాబట్టి నొప్పి తెలిసిందని కాదు, నొప్పి తెలిసింది కాబట్టి పిరికివాళ్లయ్యారు.

ఈసారి పరిస్థితి ఇంకొంచెం మొండిది, దాచను. వేడికి ప్రాణం పోవడం, చల్లనీళ్లకి తగ్గడం, రాత్రి పడుకుంటే సలపడం, ఇవన్నీ పంటి లోపలి నరం బాగా వాచిపోయిందనడానికి గుర్తులు. ఇలాంటి పంటిని మేము మాలో మేము ‘హాట్ టూత్’ అంటాం. వాచినచోట కండ కాస్త పులిసినట్టవుతుంది, ఆ పులుపులో మందు నరం లోపలికి దూరలేదు, పైగా ఆ నరం ముట్టుకుంటే మీద పడేంత చిరాకులో ఉంటుంది. అందుకే పెదవి, నాలుక సగం మొద్దుబారిపోయి, చిటికేసినా తెలియకపోయినా పన్ను మాత్రం మెలకువగానే ఉండొచ్చు.

కాబట్టి గురువారం మీరు అడగాల్సింది, పెదవి తిమ్మిరెక్కింది కదా అని మొదలుపెట్టకుండా పంటినే పరీక్షించమని. చల్లటి స్ప్రే కొట్టిన చిన్న దూదిని పంటి మీద ఆనిస్తారు. ఇంజక్షన్‌కి ముందు ఒకసారి పెట్టించుకోండి, అది ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది. మత్తు ఇచ్చాక పది పదిహేను నిమిషాలాగి మళ్లీ పెట్టించుకోండి. జివ్వుమంటే ఇంకా పట్టనట్టే. అప్పుడు మా దగ్గర ఇంకా దారులున్నాయి: ఆర్టికైన్ అని కొంచెం ఎముకలోకి బాగా ఇంకే మందు ఉంది, దాన్ని బుగ్గవైపు ఇస్తాం, లేదా పంటికీ ఎముకకీ మధ్య సందులో చుక్క చుక్కగా ఇస్తాం. చివరి అస్త్రంగా పంటి లోపలికే నేరుగా ఇస్తాం, అది మాత్రం రెండు మూడు సెకన్లు గట్టిగా తెలుస్తుంది, తర్వాత పూర్తిగా మాయం. ఆ రెండు మూడు సెకన్లని ముందే చెప్పి ఇచ్చే డాక్టర్‌కీ, చెప్పకుండా గుచ్చేసే డాక్టర్‌కీ చాలా తేడా ఉంది. ఇవేవీ పనిచెయ్యకపోతే లోపల మందు పెట్టి మూసేసి వాపు తగ్గాక రమ్మనడం కూడా వైద్యమే. ఆ రోజే పూర్తి చేసి తీరాలని ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు.

ఇంకో చిన్న సాయం. వాపు తగ్గించే బ్రూఫెన్ లాంటి మాత్ర గంట ముందు వేసుకుంటే ఇలాంటి పళ్లకి మత్తు పట్టే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. కానీ మీకు బీపీ ఉంది, గ్యాస్ట్రిక్, కిడ్నీ, ఆస్తమా సంగతులు నాకు తెలియవు, అందుకని మెడికల్ షాపులో మీరే కొనేసుకోకుండా ఫోన్ చేసి మీ డాక్టర్‌నే అడగండి. లవంగ నూనె అద్దుకుంటున్నారేమో, దూదితో పన్ను గుంటలో మాత్రమే, అది చిగురుకి తగిలితే బొబ్బ లేస్తుంది. (పంటి క్లినిక్‌లోకి అడుగుపెట్టగానే ఒక వాసన వస్తుంది చూడండి, కడుపులో తిప్పేలా, అది చాలావరకు మేము వాడే సిమెంట్లలోని లవంగ నూనె సారమే. మీ వంటింట్లో పులావు వాసన, మా దగ్గరకొచ్చేసరికి భయం వాసన.)

చెయ్యెత్తడం సంగతికి వస్తున్నాను.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చారు, పొలం పనులు చేసుకునే మనిషి, మీలాగే కింది దవడ పన్ను. మత్తిచ్చాను, పెదవి తిమ్మిరెక్కింది అన్నారు, మొదలుపెట్టాను. సగంలో ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. బయట ఆరుగురు కూచుని ఉన్నారు, నరం దాదాపు తీసేశాను, “ఒక్క నిమిషం, అయిపోయింది” అన్నాను. చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, మళ్లీ కుర్చీ పిడి మీదకి దిగింది, వేళ్లు పిడిని పట్టుకుని తెల్లబడ్డాయి. ఆ నిమిషం నాలుగు నిమిషాలయింది. ఆయన ఒక్క మాట అనలేదు, లేచి నోరు పుక్కిలించుకుని, చెమట పట్టిన అరచెయ్యి పంచెకి తుడుచుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయారు. రెండో సిట్టింగ్‌కి రాలేదు. నెల తర్వాత బజార్లో ఎదురైతే “బాగానే ఉందండీ పన్ను” అని నవ్వి, పక్క సందులోకి తప్పుకున్నారు. సగం వైద్యం చేసిన పన్ను బాగుండదని నాకు తెలుసు.

ఆ “ఒక్క నిమిషం” అబద్ధం మా వృత్తిలో అందరం ఆడతాం. చెడ్డతనంతో కాదు, నిజంగానే తొందరగా అయిపోతే మీకే మేలని అనుకుంటాం. పేషెంట్‌కి అదెలా వినపడుతుందో కుర్చీలో పడుకుంటే గానీ తెలియదు. నాకు జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు తెలిసింది.

అందుకని గురువారం కుర్చీ ఎక్కకముందే, కూర్చుని ఉన్నప్పుడే, కళ్లలోకి చూస్తూ చెప్పండి: “నేను ఎడమ చెయ్యెత్తితే మీరు చేతిలో ఉన్నది బయటికి తీసి ఆపాలి. అయిదు సెకన్లాగి మళ్లీ మొదలుపెట్టండి, పర్వాలేదు. కానీ ఆపాలి.” ఎడమ చెయ్యి ఎందుకంటే కుడి చేత్తో పనిచేసే డాక్టర్ మీ కుడిపక్కన కూచుంటారు, కుడి చెయ్యెత్తితే పరికరానికే తగులుతుంది. ఇంకో షరతు పెట్టండి, డ్రిల్ పెట్టినప్పుడు ఏకబిగిన కాకుండా అయిదు అంకెలు లెక్కపెట్టి తీసెయ్యమనండి. అయిదు దాకా ఎవరైనా ఓర్చుకుంటారు. ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే నరకం. మొదటి రెండు నిమిషాల్లోనే, నొప్పి లేకపోయినా సరే, ఊరికే ఒకసారి చెయ్యెత్తి చూడండి. ఆగారంటే మీ భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. ఆగలేదంటే లేచి వచ్చెయ్యండి, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, అందులో మొహమాటం అక్కర్లేదు. క్లాసులో చెయ్యెత్తిన పిల్లాణ్ణి చూడనట్టు పాఠం చెప్పుకుపోయే టీచర్ గురించి మీరేమనుకుంటారు?

ఇంకోటి, సరదాగా ఉంటుందని చెబుతున్నా. పంటి భయాన్ని కొలవడానికి ప్రశ్నల కాగితం ఒకటుంది, 1969లో కోరా అనే ఆయన తయారుచేశారు, నాలుగు ప్రశ్నలు: రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఎలా ఉంటుంది, బయట కూచున్నప్పుడు ఎలా ఉంటుంది, ఇలా. సూది ఊసే లేదు. 1995లో గానీ ఇంజక్షన్ గురించిన అయిదో ప్రశ్న చేర్చలేదు. పాతికేళ్ల పైన పట్టింది మా వాళ్లకి అది అడగాలని తోచడానికి. కాబట్టి మీకు సూది భయమని మీ డాక్టర్ తనంతట తాను కనిపెడతారని ఎదురుచూడకండి, అడగకపోయినా చెప్పండి.

సూది నొప్పి తగ్గించడానికి ఉన్న ఉపాయాలన్నీ చిన్నవే. గుచ్చేచోట ముందు తిమ్మిరి జెల్లు రాస్తారు, అక్కడ దూదితో తడి లేకుండా తుడిచి రాసి, నిమిషం రెండు నిమిషాలు ఆగితేనే అది పనిచేస్తుంది. రాసి వెంటనే గుచ్చితే ఒట్టి శాస్త్రానికే. మందు మెల్లగా ఎక్కించాలి, సుమారు రెండు మిల్లీలీటర్ల మందుకి నిమిషంన్నర రెండు నిమిషాలు. నిజానికి గుచ్చడం కంటే మందు వేగంగా తోసినప్పుడు కండ సాగే నొప్పే ఎక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందు కాకుండా గది వేడిలో ఉన్నది అయితే మేలు. మన దగ్గర చాలాచోట్ల పెద్ద సీసాలోంచి సిరంజిలోకి మందు లాగుతారు, ఆ రబ్బరు మూతని గుచ్చిన సూది మొన కొంచెం చెడుతుంది. మందు లాగాక సూది మార్చి కొత్తది పెట్టి గుచ్చితే తేడా మీకే తెలుస్తుంది. రూపాయల్లో పోయే సూది, అడగడానికి ఏమీ అనుకోకండి. గుచ్చేటప్పుడు డాక్టర్ మీ బుగ్గని పట్టుకుని కాస్త ఊపుతారు చూడండి, అది మోటతనం కాదు. మోచేయి తలుపుకి కొట్టుకుంటే గబగబా రుద్దుకుంటాం కదా, అదే కిటుకు. ఒక్కోసారి నాలుకలోకో పెదవిలోకో కరెంటు షాకులా జివ్వున పాకుతుంది. సూది నరానికి తగిలింది అంతే, డాక్టర్ కొంచెం వెనక్కి తీస్తారు, కంగారుపడి తల తిప్పకండి.

సిరంజి చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొందరికి చూస్తేనే ధైర్యం, కొందరికి కనపడకూడదు. ముందే చెప్పండి. చూడనివాళ్లు కళ్లు గట్టిగా బిగించుకుంటే ఒళ్లంతా బిగుసుకుంటుంది, దానికంటే కళ్లు తెరిచి పైకప్పు మీద ఫ్యానో లైటో చూస్తూ కాలి వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా కదిలించండి. ఊపిరి ముక్కుతో తీసుకుని, తీసుకున్నదానికంటే రెట్టింపు సేపు వదలండి. ఇంట్లో బుధవారం రాత్రి నోరు తెరిచి పెట్టి ముక్కుతోనే ఊపిరి తీయడం అయిదు నిమిషాలు ప్రాక్టీసు చెయ్యండి, నవ్వులాటగా ఉంటుంది గానీ కుర్చీలో నీళ్లు గొంతులోకి పోతున్నాయనే కంగారు సగం తగ్గుతుంది. మిగతా సగానికి రబ్బర్ డ్యామ్ అడగండి. పల్చటి రబ్బరు గుడ్డలాంటిది, పన్ను ఒక్కటే బయటికి కనపడేలా నోటికి అడ్డం కడతారు. నీళ్లు, మందులు, చిన్న చిన్న సూదులు ఏవీ గొంతులోకి పోవు. రూట్ కెనాల్‌కి అది వేయడం పద్ధతి కూడా. దవడ నొప్పి పుట్టకుండా పళ్ల మధ్య పెట్టే చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది, అది పెడితే నోరు తెరిచి ఉంచే బాధ మీది కాదు, దానిది.

డ్రిల్ చప్పుడు పడనివాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చు. కొత్తది ఏదో వినడం కంటే మీకు కంఠతా వచ్చినది పెట్టుకోండి, తర్వాతి చరణం ఏమిటో మనసుకి ముందే తెలుస్తుంటే అది దానిమీదికి పోతుంది. డాక్టర్ మాట వినపడేలా సౌండు తగ్గించి.

మీరడిగిన ప్రశ్న, పూర్తిగా మత్తివ్వడం. కుదరదని కాదు. ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, ముందు రోజు పరీక్షలు, ఉపవాసం, ఇవన్నీ కావాలి. మాట వినే స్థితిలో లేని చిన్నపిల్లలకీ, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకీ, పెద్ద దవడ ఆపరేషన్లకీ అలా చేస్తాం. ఒక్క పంటికి, అందులోనూ బీపీ ఉన్న మనిషికి, అంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం. మధ్యదారి ఉంది. ముక్కు మీద మాస్కు పెట్టి ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్, లాఫింగ్ గ్యాస్ అంటారు, 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టర్ దాన్ని పీల్చి తన పన్నే పీకించుకుని చూశాడు, అప్పట్నుంచీ ఉంది. నిద్ర పట్టదు, మాటలు వినపడుతూనే ఉంటాయి, కానీ ‘పోనీలే’ అన్నట్టుగా ఉంటుంది. మాస్కు తీసి ఆక్సిజన్ ఇస్తే కాసేపట్లో దిగిపోతుంది. డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లోనూ, పట్నాల్లో కొన్ని క్లినిక్కుల్లోనూ ఉంటుంది, మీకు గుంటూరు, విజయవాడ దగ్గరే కదా, ఫోన్ చేసి కనుక్కోండి. అది ఇచ్చినా పంటికి మత్తు ఇంజక్షన్ తప్పదు, సూది అంటే పట్టింపు తగ్గుతుందంతే. భయం తగ్గడానికి మాత్ర కూడా ఇవ్వొచ్చు, అది డాక్టర్ రాసి ఇచ్చి, వెంట మనిషి ఉండి, ఆ రోజు బండి నడపకుండా ఉంటేనే. పక్కింటావిడ నిద్రమాత్ర అడిగి వేసుకురాకండి. ఒకావిడ అలాగే వస్తే, నేను ఏం మందు ఇవ్వాలో తెలియక ఆ రోజంతా కూచోబెట్టి పంపించాను.

గురువారం లోపల బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడానికి ఇబ్బందిగా ఉన్నా గురువారం దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

ఇవేవీ లేకపోతే గురువారానికే పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకోండి, సాయంత్రానికి పెడితే రోజంతా దాని గురించే ఆలోచిస్తూ అలిసిపోతారు. ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తినే వెళ్లండి, ఈ ఇంజక్షన్‌కి ఉపవాసం అక్కర్లేదు. గురువారం సాయిబాబా ఉపవాసం ఉందని మాత్రం అనకండి, ఉంటే ఆయనకి ఈ వారానికి చెప్పుకోండి, అర్థం చేసుకుంటారు. కాఫీ మాత్రం ఒక్కటి చాలు, గుండె దడకి అదీ తోడవుతుంది. మీ వారిని వెంట తీసుకెళ్లండి, కానీ జోకులు వేసేటట్టయితే బయటే కూచోబెట్టండి.

అయ్యాక పెదవి, నాలుక మూడు నాలుగు గంటలు మొద్దుగానే ఉంటాయి. అద్దంలో చూసుకుంటే మామూలుగానే ఉంటుంది, మీకు మాత్రం మూతి అరచెయ్యంత ఉబ్బినట్టు అనిపిస్తుంది. ఆ టైములో అన్నం తినకండి, తెలియకుండా నాలుకనే నమిలేస్తారు, వేడి టీ అసలే వద్దు. తర్వాత రెండు మూడు రోజులు ఆ పంటితో కొరికితే కొంచెం నొప్పి ఉంటుంది, అది మామూలే. రెండో సిట్టింగ్ ఉందంటే ఆ రోజే తేదీ రాయించుకుని రండి. క్యాప్ పెట్టేదాకా ఆ పక్కన గట్టివి కొరకకండి.

ఆ రోజుకి స్కూలుకి సెలవు పెట్టేయండి. సగం నాలుకతో పాఠం చెబితే మీ పిల్లలు ఏడాదంతా అనుకరిస్తారు.